టెక్సస్‌లో వేట లైసెన్సు: మొదటి సీజను దినచర్య

జూలై 2024

ఈ ఏడాది వేటకు దిగాలని నిశ్చయించుకున్నాక తుపాకుల దుకాణం కంటే ముందు నిబంధనల జోలికి వెళ్లవలసి వచ్చింది. నాలాగా హెచ్‌-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీని గాని, తూటాలను గాని దగ్గర ఉంచుకోరాదని అమెరికా సమాఖ్య చట్టం చెబుతుంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం నుంచి మినహాయింపు దొరుకుతుంది. స్నేహితుడి తుపాకీని షూటింగ్ రేంజిలో కాసేపు చేతబట్టడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుందన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు.

1971 సెప్టెంబరు 2న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు టెక్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి ఉండాలి. 17 ఏళ్లు నిండినవారు దానిని పూర్తిగా ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు. వ్యవధి లేనివారు 10 డాలర్లు చెల్లించి ఒక్క లైసెన్సు సంవత్సరానికి వాయిదా పొందవచ్చు గాని, అప్పుడు లైసెన్సున్న మరొక వేటగాడి తోడు తప్పనిసరి. నేను కోర్సే ఎంచుకున్నాను. ఆ ధ్రువపత్రం జీవితకాలం చెల్లుతుంది, ఇతర రాష్ట్రాలూ దానిని గుర్తిస్తాయి. తీగకంచె దాటేటప్పుడు తూటాలు తీసేసి, తుపాకీని తీగ కింద నుంచి అవతలికి జరిపి, ఆ తరువాతే మనిషి దాటాలన్న పాఠం చిన్నదే అయినా మనసులో నిలిచిపోయింది.

ఆగస్టు

కొత్త సంవత్సరపు లైసెన్సులు 15వ తేదీన అమ్మకానికి వచ్చాయి. ఎప్పుడు కొన్నా వచ్చే ఆగస్టు 31తో గడువు ముగుస్తుంది కనుక ముందే కొనడం లాభం. దరఖాస్తుకు ముందు ఆరు నెలలకు పైగా ఎడతెగకుండా టెక్సస్‌లో నివసించినవారిని స్థానికులుగా లెక్కిస్తారు, వారికి రుసుము 25 డాలర్లు. బయటి రాష్ట్రాలవారికి సాధారణ లైసెన్సు 315 డాలర్లు. గువ్వల కోసం వలస పక్షుల అనుమతి 7 డాలర్లు, విల్లు వేటకు మరో 7 డాలర్లు కలిపి మొత్తం 39 అయ్యాయి. చేపలు పట్టే అలవాటు కూడా ఉన్నవారికి 68 డాలర్ల సూపర్ కాంబో నయం.

సెప్టెంబరు

1వ తేదీన ఉత్తర మండలంలో గువ్వల వేట మొదలైంది. రోజుకు 15 పక్షులకు మించి కొట్టరాదు, సూర్యాస్తమయంతో ఆపివేయాలి. షాట్‌గన్‌లో మూడు తూటాలకు మించి పట్టకుండా లోపల ప్లగ్గు బిగించి ఉండాలి. పిట్టలు నా కంటే వేగంగా ఉన్నాయి.

నవంబరు

నేనుండే కాలిన్ కౌంటీలోనూ, పక్కనున్న గ్రేసన్ కౌంటీలోనూ తెల్లతోక జింకను తుపాకీతో వేటాడరాదు, విల్లు గాని, క్రాస్‌బో (మీట నొక్కితే బాణం వదిలే విల్లు) గాని వాడాలి. అసలు కష్టం ఆయుధంతో కాదు, స్థలంతో. రాష్ట్రంలో భూమి దాదాపు అంతా ప్రైవేటుదే కనుక యజమాని అనుమతి లేనిదే ఏ లైసెన్సూ అక్కరకు రాదు. ప్రభుత్వ వేట స్థలాలకు 48 డాలర్ల వార్షిక పర్మిట్టు వేరుగా ఉంది.

మిత్రుని పొలంలో జింక పడగానే లైసెన్సు నుంచి ట్యాగును (వేటాడిన జింకకు తగిలించే చీటీని) విడదీసి, పొలం పేరు, కౌంటీ సిరాతో రాశాను. తేదీని మాత్రం రాస్తే చెల్లదు. ట్యాగు అంచున అచ్చువేసిన నెలను, రోజును చాకుతో కత్తిరించి తొలగించాలి. చేతులకు నెత్తురు అంటుకోకముందే ఆ పని ముగించడం మేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత మన దేశంలో వేట దాదాపు నిషిద్ధమే కాబట్టి, ఖమ్మంలో ఉన్న మామయ్యగారికి ఫొటో పంపినప్పుడు ట్యాగును కూడా చూపించవలసి వచ్చింది.

జనవరి 2025

ఇక అడవి పందుల వంతు. యజమాని సమ్మతితో ప్రైవేటు భూమిలో వాటిని వేటాడేందుకు 2019 సెప్టెంబరు నుంచి లైసెన్సు అవసరం లేదు. ఆ వెసులుబాటు రాష్ట్ర చట్టానిది మాత్రమే. నా వీసాపై తుపాకీ పట్టాలంటే సమాఖ్య మినహాయింపు కోసం లైసెన్సు జేబులో ఉండాల్సిందే. ఆగస్టు 31 అర్ధరాత్రి దాటితే ఇంట్లోని తుపాకీ కూడా నేరమవుతుంది గనుక, ఆగస్టు 15ను ఫోనులో ఇప్పుడే గుర్తు పెట్టుకున్నాను.