ఆరు ఫ్రేముల జారు

మా ఇంట్లో టీవీ గేమ్ మా అన్నది. 1990ల చివర్లో ఒంగోలులో అద్దెకుండేవాళ్లం. ఎండాకాలం సెలవులొస్తే దాన్ని చిన్న పోర్టబుల్ టీవీకి తగిలించి పొద్దస్తమానం ఆడేవాడు. రెండో జాయ్‌స్టిక్ ఎప్పుడూ పక్కింటబ్బాయి చేతిలోనే ఉండేది. నా వంతు ఎటూ రాదని తెలిసి, గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని పాట వినేదాన్ని. వంటింట్లో ఉన్నా సరే, పాటని బట్టి ఏ లెవల్లో ఉన్నారో చెప్పేసేదాన్ని. బాస్ వచ్చే ముందు పాట మారుతుంది చూడండి, అక్కడ ఆడేవాళ్లకంటే నాకే ఎక్కువ గుండె దడ.

2007లో కావలిలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఒక సీనియర్ అక్క హార్డ్ డిస్కులో సిడ్ ఫైళ్ల ఫోల్డరు కనిపించింది. ఒక్కో ఫైలు నాలుగైదు కేబీ. అంత చిన్న ఫైల్లో పాటేం ఉంటుందిలే అనుకుంటూ ఒకటి నొక్కాను. ఆ రాత్రి నిద్రపోలేదు.

సిడ్ ఫైలు రికార్డింగు కాదు. అదొక ప్రోగ్రాం. 1982లో వచ్చిన కమొడోర్ 64 కంప్యూటర్లో సిడ్ అనే సౌండ్ చిప్ ఉండేది. బాబ్ యానెస్ అనే ఇంజనీరు డిజైన్ చేశాడు. దానికి మూడే గొంతులు, అంటే ఒకేసారి మూడు శబ్దాలే పలకగలదు. ఆ మూడింటితోనే బేసు, డ్రమ్ము, మెలొడీ, మధ్యలో తుపాకీ చప్పుళ్లు కూడా. రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే, బెన్ డాగ్లిష్ లాంటివాళ్లు 1980ల్లో వాటితో చేసిన పని ఇప్పటికీ నాకు అబ్బురమే. హబ్బర్డ్ అయితే పాటల్ని నేరుగా అసెంబ్లీ కోడులో రాసేవాడు. 1985లో వచ్చిన మాంటీ ఆన్ ది రన్ వినండి, మూడు గొంతులంటే నమ్మరు.

ఈ ట్యూన్లని గిటార్లతో, సింథులతో, కొందరు ఆర్కెస్ట్రా వాయిద్యాలతో మళ్లీ కట్టేవాళ్లు యూరప్ నిండా ఉన్నారు. డెన్మార్క్‌లో ప్రెస్ ప్లే ఆన్ టేప్ అనే బ్యాండు వీటిని స్టేజి మీదే వాయిస్తుంది. పదేళ్లపాటు వాళ్లవి వింటూ ఉండిపోయాను. ఇప్పుడు ఒంగోలులో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్తున్నాను. సొంతంగా ఒక్క రీమిక్స్ అయినా చేయాలని కూర్చున్నది మాత్రం రెండేళ్ల కిందటే. నేను తీసుకున్న ట్యూను పెద్దగా పేరు లేని ఒక గేముది, టైటిల్ స్క్రీన్ మీద వచ్చేది. పేరు చెప్పినా గుర్తుపట్టేవాళ్లు తక్కువ. నాకు మాత్రం హాస్టల్ నాటి నుంచీ అది ప్రాణం.

మొదట అందరూ చేసేదే చేశాను. ట్యూన్ని మిడి ఫైలుగా, అంటే ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే జాబితాగా మార్చి సాఫ్ట్‌వేర్‌లో పరిచాను. కింద అసలు పాటని గైడ్ ట్రాకుగా పెట్టుకుని, టెంపో నిమిషానికి 125 బీట్లని ఇచ్చాను. ఎందుకంటే యూరప్ కమొడోర్ తెర మీద బొమ్మని సెకనుకి సుమారు 50 సార్లు గీస్తుంది, ఒక్కోదాన్ని ఫ్రేము అంటారు. పాట ప్రోగ్రాం ఫ్రేముకొకసారి లేచి పని చేసుకుని పడుకుంటుంది. నా ట్యూన్లో ఒక్కో అడుగుకి ఆరు ఫ్రేములు, నాలుగు అడుగులకి ఒక బీటు. లెక్క వేస్తే కచ్చితంగా 125 వస్తుంది.

మొదటి నిమిషం బాగానే నడిచింది. మూడో నిమిషానికి వచ్చేసరికి నా డ్రమ్ములు అసలు పాట వెనక ఈడ్చుకుంటూ వస్తున్నాయి. ముక్కలు కోసి ముందుకి జరిపాను. మళ్లీ తేడా. దాదాపు నెల్లాళ్లు ఇలా కోస్తూ అతుకుతూ గడిపాను. చివరికి ఒకరోజు క్లాసులో పిల్లలకి క్లాక్ డివైడర్లు చెప్తుంటే బుర్రలో వెలిగింది. ఆ మెషీన్ క్లాకు సెకనుకి 9,85,248 సైకిళ్లు. ఒక ఫ్రేములో 312 లైన్లు, లైనుకి 63 సైకిళ్లు. భాగిస్తే 50 కాదు, 50.12 వస్తుంది. అంటే టెంపో 125 కాదు, 125.31. మూడు నిమిషాలకి ఆ తేడా 0.45 సెకన్లు, అంటే ఇంచుమించు ఒక బీటంత. ఆ అంకె మార్చి ప్లే నొక్కితే చివరి దెబ్బ దాకా రెండూ అంటుకుని నడిచాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లెవరైనా ఉంటే ముందు ఈ అంకె రాసి పెట్టుకోండి. నాలాగా నెల పోగొట్టుకోవద్దు.

తర్వాత కార్డుల గొడవ, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగడం. మూడు గొంతులే ఉన్నప్పుడు కార్డుకి ఇక చోటెక్కడిది? అందుకని ఒకే గొంతులో మూడు స్వరాల్ని ఫ్రేముకొకటి చొప్పున తిప్పుతారు. చెవికి అది మరుగుతున్న నీళ్లలాగా బుడబుడమంటూ ఒక్క కార్డుగా వినిపిస్తుంది. నేను దాన్ని హార్మోనియంకి ఇచ్చి మూడు మెట్లూ ఒకేసారి పట్టించాను. స్వరాలన్నీ సరైనవే, పాటలో ప్రాణం మాత్రం పోయింది. తీసేసి ఆ ఒక్క గొంతునీ చిప్పు శబ్దంతోనే ఉంచేశాను. ఆ బుడబుడని వేరే వాయిద్యానికి ఇవ్వకూడదనే ఇప్పటికీ అనుకుంటాను. అది ఆ చిప్పు సొత్తు.

ఇంతా చేస్తే అసలు కష్టం మెలొడీ దగ్గర వచ్చింది. కీబోర్డు వయొలిన్‌తో వాయించాను, ఫ్లూటుతో వాయించాను. మా అన్నకి పంపితే, "అంతా బానే ఉంది కానీ ఆ పాట ఇది కాదు" అన్నాడు. నిజమే. ఏది పోయిందో నాకూ అంతుపట్టలేదు. అప్పుడు సిడ్‌డంప్ అనే ప్రోగ్రాం పట్టుకున్నాను. అది పాట నడుస్తుంటే చిప్పులోకి ఏ ఫ్రేములో ఏ అంకె వెళ్లిందో వరసకట్టి రాస్తుంది. పేజీలకి పేజీలు ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో గీతలు గీస్తూ చదివాను.

జవాబు అక్కడే ఉంది. మెలొడీ మొదటి మలుపులో ఆ గొంతు స్వరం ఎత్తు చెప్పే అంకె 5001 దగ్గర ఉంటుంది, వెళ్లాల్సింది 5613కి. మన లెక్కలో సా నుంచి రికి. కానీ టక్కున దూకదు. ఫ్రేముకి 102 చొప్పున కలుపుకుంటూ ఆరు ఫ్రేముల్లో ఎక్కుతుంది. ఎక్కాక పది ఫ్రేములు కదలకుండా నిలబడుతుంది. ఆ తర్వాతే మెల్లగా ఊగడం మొదలు. మిడిగా మార్చినప్పుడు ఈ జారుని కాస్తా సాఫ్ట్‌వేర్ మెట్లుగా నరికేసింది. ఊగడాన్ని ఏకంగా తుడిచేసింది. నా దగ్గర మిగిలింది స్వరాలే, వాటి మధ్య నడక పోయింది.

ఆ కాగితాలు చూస్తుంటే నాకు మా అమ్మమ్మవాళ్ల ఊరు గుర్తొచ్చింది. కరవది దగ్గర. నాగస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా 1924లో పుట్టింది ఆ కరవదిలోనే. తర్వాత ఆయన శ్రీరంగంలో స్థిరపడ్డారు. మా చుట్టుపక్కల ఊళ్లలో నాగస్వరం వాయించే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. నా పెళ్లికి వాయించిన పెద్దాయన దగ్గరికే వెళ్లాను. చిన్నప్పటి నుంచీ ఆయన్ని తాతా అనే పిలుస్తాను.

వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ ఆయన చెవులకి పెట్టాను. మొదటిసారి ఏమీ అనలేదు.

"మళ్లీ పెట్టమ్మాయ్."

మూడుసార్లు విన్నాడు. నాలుగోసారి వేలు పైకెత్తి ఆపమన్నాడు.

"ఇక్కడ చూడు, రిషభం మీద నేరుగా పడట్లా. కిందనించి ఎక్కి, నిలబడి, అప్పుడు ఊపుతున్నాడు. ఎవరు వాయించింది?"

"వాయించలేదు తాతా. అంకెలు రాశారు. కంప్యూటరు చదివింది."

"ఆ అంకెలు రాసినోడికి గమకం తెలుసు" అన్నాడు.

నేను అన్నాళ్లుగా వెతుకుతున్న మాట ఆయన నాలుగోసారి వినేసరికి చెప్పేశాడు. బయటికొచ్చి స్కూటీ దగ్గర కాసేపు ఊరికే నిలబడిపోయాను.

తాత నాగస్వరం రెండున్నర శ్రుతి, నా ట్యూను రెండు. ఆయన్ని మార్చమనే ప్రశ్నే లేదు కాబట్టి పాట మొత్తాన్ని అరస్వరం పైకి జరిపాను. రికార్డింగుకి చోటు కూడా పెద్ద సమస్యే. మా ఇంటి గదిలో నాగస్వరం ఊదితే మైకు తట్టుకోలేదు, ప్రతి పైస్థాయి స్వరమూ పగిలిపోయింది. అప్పుడు మా మామయ్య, "మన పొగాకు బ్యారన్ ఖాళీగానే ఉందిగా" అన్నాడు. మే నెల, ఆకు కాల్చడం అయిపోయింది. లోపల ఎత్తైన ఇటుక గోడలు, పైదాకా అడ్డంగా దూలాలు, కింద ఇనప గొట్టాలు. ఇంకా పొగాకు వాసన. తాత ఒక్క సా ఊదాడు. అది పైకెళ్లి తిరిగొచ్చిన తీరుకి అందరం కాసేపు మాట్లాడలేదు. మైకుని ఎనిమిది అడుగుల దూరంలో పెట్టాను.

మెట్రోనోం టిక్కుటిక్కు ఆయనకి నచ్చలేదు. "ఇది తోలుతోంది, నడవనివ్వట్లా" అన్నాడు. దాంతో హెడ్‌ఫోను ఆయన మనవడికి పెట్టాం. అతను డోలు. కుడిచేతి వేళ్లకి తొడుగులు వేసుకుని, ఎడమచేత్తో పుల్ల పట్టుకుని, 125.31కి ఆదితాళం పట్టాడు. తాత డోలునే వింటూ ఊదాడు. సిడ్‌లో డ్రమ్ముకొక కిటుకు ఉంటుంది: మొదటి ఫ్రేములో ఉత్త రొద, ఆ వెంటనే జర్రున కిందికి దిగే స్వరం. డోలు మీద కుడివైపు వేళ్లు, వెంటనే ఎడమవైపు పుల్ల పడితే సరిగ్గా అదే వరస. నేను చెప్పకుండానే ఆ పిల్లాడు దాన్ని పట్టేశాడు.

మొదటి గంట బాగా వచ్చింది. తర్వాత బ్యారన్ వేడికి నాగస్వరం శ్రుతి మెల్లగా పెరుగుతూ పోయింది. తాత సీవాళి, అంటే నోట్లో పెట్టి ఊదే పీక, మార్చి, తడిపి, మళ్లీ చూశాడు. అయినా మధ్యాహ్నపు టేకులు పొద్దుటి వాటికంటే కాస్త పైనే ఉన్నాయి. నాగస్వరాన్ని కిందికి లాగితే గమకాలు చెడతాయని భయపడి, చిప్పు గొంతుల్నే టేకు టేకుకీ విడిగా శ్రుతి చేసుకున్నాను. నాలుగు రాత్రుల పని.

సిడ్‌తో ఇంకో చిక్కు కూడా చెప్పాలి. 6581 అనే పాత రకం సిడ్ చిప్పుల్లో ఫిల్టరు ఏ రెండిట్లోనూ ఒకేలా ఉండదు. తర్వాత వచ్చిన 8580 రకంలో పాట తీరే వేరు. చిప్పుని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాంలో ఒకటి పెడితే నా బేసు బొంగురుగా, ఇంకోటి పెడితే పలచగా వినిపించింది. బొంగురుదే ఉంచాను.

రీమిక్సులు విని ఎంపిక చేసేవాళ్లకి పంపితే తిప్పి పంపారు. నాగస్వరం చెవిలో గుచ్చుతోందని, బ్యారన్ ప్రతిధ్వనిలో బేసు మునిగిపోయిందని రాశారు. వారం రోజులు ఆ ఫైలు తెరవబుద్ధి కాలేదు. తర్వాత కారు స్పీకర్లలో పెట్టుకుని ఒంగోలు నుంచి టంగుటూరు దాకా వింటూ వెళ్లాను. వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. ప్రతిధ్వనిలో కింది శబ్దాన్ని కోసేశాను. నాగస్వరంలో మూడు వేల హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించాను. ఎక్కువ తగ్గిస్తే ఇక అది నాగస్వరమే కాదు. రెండోసారి తీసుకున్నారు.

తాతకి వినిపించడానికి వెళ్లినప్పుడు పూర్తిగా విన్నాడు. తన నాగస్వరం గురించి ఏమీ అనలేదు. వెనక బుడబుడమనే ఆ చిప్పు గొంతుని ఒక్కదాన్నే వినిపించమన్నాడు. వింటూ తొడ మీద తాళం వేశాడు.

ఇప్పుడు బ్యారన్‌లో ఆకు కాలుతోంది. ఖాళీ అయ్యేదాకా మేం వాయించడానికి లేదు. రెండో ట్యూను కాగితాలు ఈసారి ముందే ప్రింటు తీశాను. ఇది అడుగుకి ఏడు ఫ్రేములు, అంటే టెంపో 107.41. జారులు పద్నాలుగు దొరికాయి, అందులో మూడు కిందికి దిగేవి. వాటిని తాత కోసం స్వరాల్లో రాస్తున్నాను.