ఆటోనగర్‌లో క్రౌన్ పినియన్ కోసం తిరిగిన రోజులు

మామిడి సీజన్‌లో బండి ఒక్కరోజు ఆగితే ఎంత నష్టమో మా నూజివీడు వైపు బండ్లు తిప్పేవాళ్లను అడగాలి. ఏప్రిల్, మే నెలల్లో తోటల నుంచి నున్న మామిడి మార్కెట్‌కు కాయ తోలితే వచ్చే కిరాయిలే నాకు ఏడాదంతా ఆధారం. 2025 మే రెండో వారంలో, బంగినపల్లి లోడుతో ఆగిరిపల్లి దాటుతుండగా నా బొలెరో పికప్ వెనక ఇరుసులోంచి కూత మొదలైంది. ఎక్సలేటర్ తొక్కితే పెరుగుతోంది, కాలు తీస్తే తగ్గిపోతోంది. లోడు దించి ఖాళీ బండితో ఊరు చేరేసరికి పక్కవాడి మాట వినపడనంత అయింది.

మా మెకానిక్ బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయట రెండు కిలోమీటర్లు తిప్పాను. “బేరింగ్ పోతే తొక్కినా వదిలినా ఒకేలా మోగుద్దిరా. ఇది లాగేటప్పుడే అరుస్తోంది. క్రౌన్ పినియన్ పళ్లు పోయినయ్,” అన్నాడు. ఇంజిన్ నుంచి వచ్చే తిప్పుడును వెనక చక్రాలకు మళ్లించే పళ్ల చక్రాల జత అది. పెద్దది క్రౌన్, చిన్నది పినియన్. విప్పి చూస్తే అదే. పినియన్ పళ్ల అంచులు పెచ్చులూడి ఉన్నాయి. డీలర్ దగ్గర కొత్త జత స్టాకు లేదు, రావడానికి వారం పైనే పడుతుందన్నారు. మే నెలలో వారం ఆగితే నాకు ఇంకేం మిగలదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి విజయవాడ ఆటోనగర్ గేటు దగ్గర దిగాను. బాబాయ్‌కి వేరే పని ఉండటంతో ఒక్కడినే వెళ్లాను. పాత సామాన్లు అమ్మే ఒక దుకాణంలో బండి పేరు, మోడల్ సంవత్సరం చెప్పాను. దుకాణదారు లోపలికెళ్లి శుభ్రంగా కడిగి నూనె పూసిన జత తెచ్చి బల్ల మీద పెట్టాడు. పళ్లు నిగనిగలాడుతున్నాయి. బిల్లుతో అయితే 28 శాతం పన్ను కలుస్తుంది, బిల్లు లేకుండా 6,500కు ఇస్తానన్నాడు. సరేనన్నాను. (2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. తగ్గకపోయినా ఇప్పుడు నేను బిల్లు లేకుండా నట్టు కూడా కొనను.)

రాత్రికి రాత్రే బిగించాం. తెల్లారి ఖాళీ బండి బయటికి తీస్తే కూత ముందుకంటే ఎక్కువైంది. బాబాయ్ మళ్లీ విప్పి, రెండింటినీ డీజిల్‌తో తుడిచి, టార్చి వేసి చూశాడు. క్రౌన్ మీద గీకినట్టు చిన్న అక్షరాల్లో ఒక నంబరు ఉంది. పినియన్ తల మీద ఇంకో నంబరు. అప్పుడు చెప్పాడు. ఫ్యాక్టరీలో ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి రాపాడించి పళ్లు కుదిరేలా చేస్తారట. ఆ జతకు ఒకే నంబరు వేస్తారు. వేరే బండి పినియన్‌ను దీనికి కలిపితే విడివిడిగా రెండూ మంచివే అయినా కలిసి అరుస్తాయి. నాకు అమ్మింది రెండు బండ్ల నుంచి తీసి కలిపిన జత. తిరిగి ఇద్దామని వెళ్తే, “మా దగ్గరే కొన్నట్టు కాయితం ఉందా?” అన్నాడు. నా దగ్గర ఏముంది చూపించడానికి? ఆ సాయంత్రం తోట రైతు నా కోసం ఆగలేక కాయను వేరే బండికి ఎత్తించాడు. ఆయన తప్పు లేదు, కోసిన కాయ ఆగదు.

మర్నాడు బాబాయ్ నాతో వచ్చాడు. మా పాత జతను గోనెసంచిలో వేసుకుని, వంద అడుగుల రోడ్డు వెనక సందులో ఆయనకు తెలిసిన దుకాణానికి వెళ్లాం. అక్కడి పెద్దాయన మోడల్ అడగలేదు, సంవత్సరం అడగలేదు. “పాతది తెచ్చారా?” అన్నదే మొదటి మాట. సంచి విప్పగానే ఒక పంటి మీద సుద్దతో గీత పెట్టి, వేలితో ఒక్కొక్కటీ తాకుతూ చుట్టూ లెక్కపెట్టాడు. తర్వాత పినియన్ పళ్లు. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే రేషియో వస్తుంది. క్రౌన్‌కు 41, పినియన్‌కు 9 ఉన్నాయనుకోండి, 4.56. పేరు ఒకటే అయినా మోడల్‌ను బట్టి రేషియో మారుతుందని, తప్పుది వేస్తే బండి లోడు లాగక ఏడుస్తుందనీ లేదా వేగం అందుకోదనీ చెప్పాడు.

అప్పుడు యాక్సిడెంట్ బండి నుంచి దించిన హౌసింగ్ (క్రౌన్ పినియన్ ఉండే ఇనుప పెట్టె) ఒకటి దొర్లించుకొచ్చి మా ముందే విప్పించాడు. కడిగి పెట్టింది కాదు, లోపల ఆయిల్ అలాగే ఉంది. నాకు నచ్చింది అదే. బాబాయ్ ఆ ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్దాడు, వాసన చూశాడు. మాడు వాసన లేదు. పళ్ల మీద నీలం రంగు తిరిగిందేమో చూశాడు, వేడెక్కిన ఉక్కు ఆ రంగుకు వస్తుంది. నంబర్లు కలిశాయి. పినియన్‌ను పట్టుకుని ఇటూ అటూ కదిపితే టిక్ టిక్‌మని కొద్దిగా ఆడింది. “అంత ఉండాలి. అసలు ఆడకపోతే పట్టేస్తది, ఎక్కువాడితే కొడతది,” అన్నాడు.

పెద్దాయన ధర 9,000 చెప్పి 8,200కు ఇచ్చాడు, బిల్లుతో. అదే హౌసింగ్‌లో ఉన్న బేరింగులు, ఆయిల్ సీలు కూడా ఇమ్మంటే మాత్రం ససేమిరా అన్నాడు. “ఇనుము పాతది కొనుక్కో బాబూ. బేరింగుల్లాంటిది, రబ్బరుది కొత్తదే కొనుక్కో. బ్రేకుది అయితే నన్ను అడగనే అడగొద్దు.” కొత్తవి పక్క దుకాణంలో తీసుకున్నాం. అక్కడ బాబాయ్ బండి కంపెనీ డబ్బా కోసం పట్టుబట్టలేదు. చాలా బండి కంపెనీలు బేరింగులు సొంతంగా చేయవు, ఎస్‌కేఎఫ్, టిమ్‌కెన్ లాంటివాళ్లు చేస్తారు. వాళ్ల సొంత డబ్బాలో వచ్చేది తక్కువకు దొరుకుతుంది. కాకపోతే ఆ డబ్బాలకు నకిలీలూ ఉన్నాయి. అందుకే డబ్బా సీలు చూశాడు, డబ్బా మీది నంబరు బేరింగు అంచున చెక్కి ఉన్న నంబరుతో సరిపోయిందో లేదో చూశాడు.

ఇంజిన్ కొనేవాళ్లకైతే బిల్లు సంగతి ఇంకా ముఖ్యం. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది, మారిస్తే ఆర్టీవో ఆఫీసులో ఎక్కించుకోవాలి. ఎక్కడిదో తెలియని ఇంజిన్ దొంగ బండిదైతే కేసు మన మెడకు చుట్టుకుంటుంది.

బిగించేటప్పుడు పళ్లు ఒకదాన్నొకటి ఎక్కడ తాకుతున్నాయో చూడటానికి బాబాయ్ నాలుగైదు పళ్లకు రంగు పూసి తిప్పాడు. రంగు పంటి చివరన చెరిగింది. షిమ్ములు, అంటే సందు సరిచేసే పలుచటి రేకులు, మార్చి మళ్లీ తిప్పాడు. మూడోసారికి మచ్చ పంటి మధ్యలో పడింది. అప్పటికి రాత్రి పదకొండు దాటింది. తెల్లవారుజామున నాలుగింటికి రసాల లోడుతో నున్న బయల్దేరాను. దారంతా రేడియో కట్టేసి వెనక్కే చెవి పెట్టాను.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ దించాం. బాబాయ్ ఒక అయస్కాంతం ముక్కను ఆ ఆయిల్‌లో తిప్పి తీసి నా చేతికిచ్చాడు. వేలికి బూడిదరంగు నూగు మెత్తగా అంటింది. పళ్లు పెచ్చులూడి ఉంటే తగలాల్సిన గరుకు తగల్లేదు.

“తోలుకో,” అన్నాడు.