చటికోన సంతలో లేతాకు

లాడ్జి గుమాస్తా ముందురోజు ఫోన్లో 800 అన్నాడు. నేను రాయగడలో రైలు దిగి, ఆటోకి 100 ఇచ్చుకుని, మెట్లెక్కి వెళ్లేసరికి అదే గది 1200 అయింది. "రేపు బుధవారం కదమ్మా, చటికోన సంత. బయటి వ్యాపారస్తులు దిగుతారు. రేటు అంతే" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. విజయనగరం నుంచి వస్తుంటే ఒడిశాలోకి వచ్చాక బోర్డుల మీద లిపి మారుతుంది గానీ బోగీలో మాట మారదు. రాయగడలో కిరాణా కొట్టు, టిఫిన్ బండి, మందుల షాపు, ఎక్కడికెళ్లినా మన మాట వినిపిస్తూనే ఉంటుంది. 1992లో కోరాపుట్ నుంచి విడిపోయి వేరే జిల్లా అయినా, మా వైపు వాళ్లకి రాయగడంటే మజ్జిగౌరమ్మ గుడి ఉన్న పక్కూరే. ఈసారి గుడికి కూడా వెళ్లలేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు.

నేను వచ్చింది ఆకు కోసం. బొబ్బిలి దగ్గర నాకు అడ్డాకు, అంటే అడవిలో పాకే అడ్డతీగ ఆకు, దాంతో ప్లేట్లు చేసే యూనిట్ ఉంది. రెండు ప్రెస్ మెషీన్లు, ఆరుగురు ఆడవాళ్లు. 2022 జూలై 1న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల మీద దేశమంతా నిషేధం వచ్చింది. ఆ దసరాకే బ్యాంకు లోను తీసుకుని మొదలుపెట్టాను. అంతకుముందు చాలా ఏళ్ల నుంచే ఆ ఆలోచన ఉంది. మా ఊళ్లో ఏ పెళ్లయినా మర్నాడు చెరువుగట్టంతా థర్మాకోల్ ప్లేట్లే. ఆవులు అన్నం వాసనకి వచ్చి వాటిని నములుతుంటే కడుపు మండేది. మా అమ్మమ్మ ఇంట్లో అయితే భోజనాలయ్యాక అడ్డాకు విస్తర్లు పెంటకుప్ప మీద వేసేవాళ్లు, ఆవు వచ్చి ఆకుతో సహా తినేసేది. పొద్దున్నకి కుట్టుపుల్లలు తప్ప ఏమీ మిగిలేవి కావు.

పోయిన నెల విశాఖలో ఒక కేటరింగ్ ఆయన నా ప్లేటుని నా ఎదురుగానే విరిచాడు. రెండు ఆకుల మధ్య నుంచి పల్చటి ప్లాస్టిక్ పొరని గోటితో పైకి లాగాడు. "ప్యాకెట్ మీద ప్రకృతి ప్లేటు అని రాశావు కదమ్మా, మరి ఇదేంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మొదటి ఏడాది ఆ పొర లేదు. రెండో ఏడాది ప్లేట్లు ప్రెస్‌లోనే చిట్లడం మొదలైంది. సాంబారు కారుతోందని ఆర్డర్లు వెనక్కి వచ్చాయి. మెషీన్ అమ్మినతను "పొర వేసేయండి మేడం, అందరూ అదే చేస్తున్నారు" అన్నాడు. లోను కిస్తీల టెన్షన్లో నేనూ వేశాను. ఆకు ఎందుకు చిట్లుతోందో మాత్రం ఎవరినీ అడగలేదు. ఆకు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడలేదు. పార్వతీపురం ఏజెంటు లారీలో పంపేవాడు, నేను కాటా వేయించుకునేదాన్ని.

ఏడింటికి అన్న బస్సు ఎనిమిదింపావుకి కదిలింది. తేరువల్లి దాకా ఒంటికాలి మీద నిలబడ్డాను.

చటికోన సంతకి నియమగిరి కొండ మీద ఉండే డొంగ్రియా కొంధు ఆదివాసులు దిగి వస్తారు. పసుపు, అల్లం, కందులు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని, ఎర్ర పచ్చ దారాలతో కుట్టిన తెల్లటి శాలువలు కప్పుకుని ఆడపిల్లలు వరసగా నడిచొస్తున్నారు. వెనక ఆ కొండ. 2013లో ఆ కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది అక్కడి గ్రామసభలే చెప్పాలని సుప్రీంకోర్టు అంది. 12 ఊళ్లలో సభలు పెట్టారు, ఏడు ఈ జిల్లాలో, ఐదు కలహండిలో. పన్నెండూ వద్దనే అన్నాయి. నేనప్పుడు ఇంటర్. పేపర్లో ఆ వార్త కత్తిరించి డైరీలో అంటించుకున్నాను. యూనిట్ పెట్టినప్పుడు ప్లేట్లకి నియమగిరి అని పేరు పెడదామనుకుని, ఆ పేరు వాడుకునే హక్కు నాకెక్కడిదని మానేశాను. ఇన్నాళ్లకి ఆ కొండని కళ్లారా చూస్తుంటే నా సంచిలో ప్లాస్టిక్ పొర ఉన్న ప్లేటు ఉంది.

ఆకుల వరసలో ఒక పెద్దామె గోనెపట్టా మీద కూర్చుని విస్తర్లు కుడుతోంది. నేను ఫోన్లో మాట్లాడడం విని తెలుగులోనే పలకరించింది.

"ఏటమ్మా, కొంటావా, సూడ్డానికొచ్చావా?"

పుట్టిల్లు సాలూరు వైపంట. పెళ్లయి మునిగూడ వచ్చి 40 ఏళ్లు దాటిందంట. కొండ మీద వాళ్ల దగ్గర ఆకు కొని, కుట్టి అమ్ముతుంది. మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఆగలేదు. ఒక ఆకు మధ్యలో పెట్టి, చుట్టూ ఐదు ఆకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి, వెదురుపుల్లని ఇలా గుచ్చి అలా తీసి, మిగిలిన ముక్కని బొటనవేలి గోటితో టక్కున విరిచేస్తుంది. నిమిషం పట్టదు ఒక విస్తరికి.

నా గోడౌన్ నుంచి తెచ్చిన ఆకులు నాలుగు ఆమె చేతిలో పెట్టాను. ఒకటి ఎండకెత్తి చూసింది. తొడిమ దగ్గర వేలితో రాసింది.

"ఇది కోసినాకు కాదమ్మా. తీగ నరికినాకు."

తన కట్టలోంచి ఒక ఆకు తీసి పక్కన పెట్టి చూపించింది. ముదురాకు మందంగా ఉంది, అడుగున తుప్పు రంగు నూగు, ఈనెలు తాడులా తేలి ఉన్నాయి. మడిచి వదిలితే మళ్లీ విచ్చుకుంది. నాది నల్లబడి, అంచులు ముడుచుకుని ఉంది. మడవగానే పెళుక్కున విరిగింది. ముదురాకు కావాలంటే తీగ పాకిన చెట్టు కింద నిలబడి ఒక్కో ఆకూ చూసి తుంచాలి, తీగకి వంద ఆకులుంటే ముప్పై దొరకడం గొప్ప. అదే తీగని మొదలు దగ్గర నరికి లాగేస్తే లేతా ముదురూ మొత్తం నేల మీదకి వస్తుంది.

"మరి నరకడమెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"కేజీల్లెక్కన కొంటే ఎవడైనా అదే సేత్తాడు. లెక్కకి కొను, లేతాకు ఎవడు తెత్తాడో సూద్దారి."

కేజీ లెక్క పెట్టింది నేనే. మొదటి ఏడాది ఏజెంటు వంద ఆకుల చొప్పున ఇచ్చేవాడు. లెక్కపెట్టడానికి మనుషులు కావాలి, టైము పడుతుందని కాటాకి మార్పించాను. తర్వాత బేరమాడి కేజీ 28 నుంచి 25కి దించాను. ఆ సాయంత్రం ఇంటికి స్వీట్లు పట్టుకెళ్లాను కూడా. లేతాకు వచ్చింది ఆ కాటా వల్ల, ఆకు చిట్లింది లేతది కాబట్టి, ప్లాస్టిక్ పొర వేసింది చిట్లింది కాబట్టి.

కలప లెక్కలో చూసేవాళ్లకి అడ్డతీగ చెట్టుని కమ్మేసే చీడ. అడవి శాఖలు గుగ్గిలం చెట్లని కాపాడడానికి ఇలాంటి తీగల్ని నరికించడం పాత పద్ధతే. ఆ మాట పట్టుకుని నేను సమాధానపడొచ్చు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులని ఏరుకుని అమ్ముకునే హక్కు అక్కడి ఆదివాసులకీ, తరతరాలుగా అడవిని నమ్ముకుని బతికేవాళ్లకీ ఇచ్చింది. ఆకు అమ్మి ఉప్పూ నూనే కొనుక్కునే ఇంట్లో, ఈ ఏడు తీగ పోతే వచ్చే ఏడు ఆ ఆడమనిషి ఇంకో కొండ ఎక్కాలి. నా కేజీ 3 రూపాయల మిగులుకి ఆమె నడక పెరిగింది.

ఆకలేసి బండి దగ్గర బటానీ కూర కొన్నాను, 20 రూపాయలు. అడ్డాకు దొన్నెలో పోసి ఇచ్చాడు. పొగలు కక్కుతోంది. కూర్చోడానికి చోటు దొరక్క దొన్నె పట్టుకుని చాలాసేపు తిరిగాను. అరచేతికి వేడి తగిలింది గానీ ఒక్క చుక్క కారలేదు. ఒకే ఆకు, రెండు పుల్లలు. తినేశాక కూడా ఆ దొన్నెని పారెయ్యబుద్ధి కాలేదు, కడిగి సంచిలో పెట్టుకున్నాను.

పెద్దామె దగ్గర వెయ్యి ముదురాకులు లెక్కపెట్టించుకున్నాను, వంద 20 చొప్పున. బేరం ఆడలేదు. రైల్లో కూర్చుని లెక్క వేశాను. కేజీకి 200 ఆకులు తూగుతాయి, అంటే ఇప్పటిదాకా ఆకు పన్నెండున్నర పైసలు. ఇది 20 పైసలు. ప్లేటుకి ఆరు ఆకులు, 45 పైసలు ఎక్కువ. పొర ఖర్చు 30 పైసలు పోతుంది. మిగిలింది 15 పైసలు. 15 పైసల కోసం ఇదంతా చేశాను.

యూనిట్లో అక్కకి ఫోన్ చేసి పొర చుట్ట మెషీన్ మీంచి తీసేయమన్నాను. "ఆదివారం పెళ్లికి నాలుగు వేలు ఇవ్వాలి కదమ్మా, మంచాకు లేదు" అంది. పెళ్లివారికి నేనే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పొర లేకుండా అయితే నూట అరవైకి మించి ఇవ్వలేనన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే అమ్మా, మిగతావాటికి అరిటాకులు చూసుకుంటాం. ఇంకో రెండు రోజుల ముందు చెప్పాల్సింది" అన్నాడు.

గుమడలో రైలు ఆగినప్పుడు బాటిల్లో నీళ్లతో చున్నీ తడిపి ఆకుల కట్ట మీద కప్పాను. బోగీలో ఫ్యాను గాలి నేరుగా వాటి మీదకే కొడుతోంది.