కమోడ్ కింద సిమెంటు వద్దు

షార్జాలో ఉంటూ దుబాయ్ సైట్లకు ప్లంబింగు పనికి పోయే నన్ను, సెలవుకు వచ్చినప్పుడల్లా గుంటూరులో మావాళ్లు అడిగే మాట ఒకటుంది. "అక్కడి బాత్రూముల్లో వాసన రాదంటగా, ఎందుకని?" సామాను ఖరీదైంది కాబట్టి అనుకుంటారు. అక్కడ మేం బిగించే రకాల్లో చాలా వరకు విజయవాడ షాపుల్లోనూ దొరుకుతున్నాయి. తేడా కమోడ్‌లో లేదు, అది నేలకు ఆనే చోట ఉంది. బిగించాక ఆ చోటు ఇంటివాళ్లకు మళ్లీ కనపడదు. అందుకే దాని గురించి వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర జరిగేది ఇది. గొట్టం మీద కమోడ్ కూర్చోబెట్టి, కింద, చుట్టూ వైట్ సిమెంటు దట్టించి, తడిగుడ్డతో నున్నగా తుడిచేస్తారు. ఇండియన్ పాన్ వేసిన రోజుల్లో దాన్ని ఇటుక ముక్కలూ సిమెంటూ వేసి నేలలోకే పూడ్చేవాళ్లు. అదే చెయ్యి కమోడ్ దగ్గరా అలవాటుగా నడుస్తోంది. పాన్ నేలలో భాగం. కమోడ్ అట్లా కాదు, దాని మీద మనిషి కూర్చుంటాడు, లేస్తాడు, పక్కకు ఒరుగుతాడు. సిమెంటు ఆ కదలికకు ఏమాత్రం లొంగదు. ముందు వెంట్రుకంత పగులు వస్తుంది. మనం బాత్రూము మొత్తం నీళ్లు కొట్టి కడుగుతాం కాబట్టి ఆ పగుల్లోంచి నీళ్లు కిందికి దిగి నిలవుంటాయి. గొట్టం దగ్గర కూడా సిమెంటే పెట్టి ఉంటే అక్కడా వదులై వాసన మొదలవుతుంది, బొద్దింకలు వస్తాయి. ఇంటివాళ్లు ఫినాయిలు మీద ఫినాయిలు పోస్తారు. తీసి బాగుచేద్దామంటే కమోడ్ పగలాల్సిందే.

దుబాయ్‌లో నేను మొదట హెల్పర్‌ని. హోటల్ అయినా అపార్టుమెంటు అయినా ముందు ఒక్క బాత్రూము పూర్తిగా తయారు చేయిస్తారు, దాన్ని మాకప్ రూమ్ అంటారు. యజమాని తరఫున పని తనిఖీ చేసే కన్సల్టెంట్ వచ్చి చూసి సరే అంటేనే మిగతా గదులకు సామాను దిగుతుంది. మా ఫోర్‌మన్ మలయాళీ. ఆయన మొదట నేర్పింది, సిమెంటూ సిలికానూ బోల్టూ ఏవీ లేకుండా కమోడ్‌ను ఉత్తగా కూర్చోబెట్టి చూడటం. ఊగుతోందా, వెనక ట్యాంకు గోడకు తగులుతోందా, నోరు గొట్టానికి సూటిగా వస్తోందా, అన్నీ అప్పుడే తేలాలి. ఆయన రెండు చేతులూ కమోడ్ అంచు మీద పెట్టి మూల నుంచి మూలకు బరువు వేసేవాడు. టక్ అని ఒక్క చప్పుడు వచ్చినా లేచి నిలబడేవాడు. ఇంకేమీ అనేవాడు కాదు, మళ్లీ చెయ్యమని అర్థం.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన. అది ఆరుబయట చేసేవాళ్లకు. మేం లోపల ఉంటాం. అద్దాలు బిగించేసి ఉంటాయి, ఏసీ ఇంకా నడవదు. ఇరుకు బాత్రూములో మోకాళ్ల మీద కూర్చుంటే చెమట టైలు మీద కారి, కమోడ్ అడుగు చుట్టూ గీసిన పెన్సిల్ గీత చెరిగిపోతుంది. అందుకని మార్కర్‌తో గీస్తాం. ఆ గీత మీదే పనంతా ఆధారపడి ఉంటుంది.

గీత గీశాక కమోడ్ పక్కకు తీసి, గొట్టం నోట్లో గుడ్డ కుక్కుతాం. డ్రిల్లింగు పొడి గొట్టంలో పడితే తర్వాత పుట్టే తలనొప్పి మామూలుది కాదు. టైలు తెగేదాకా డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో పెట్టకూడదు, మెల్లగా, నీళ్లు చిలకరిస్తూ తిప్పాలి. బెజ్జంలో బోల్టును పట్టే ప్లాస్టిక్ ప్లగ్గు దించేముందు కాస్త సిలికాన్, అంటే ఆరాక రబ్బరులా ఉండే జిగురు, పోస్తాం, లేకపోతే ఆ బెజ్జం గుండానే నీళ్లు వాటర్‌ప్రూఫింగ్ కిందికి పోతాయి. తర్వాత కమోడ్ నోటినీ గొట్టాన్నీ కలిపే రబ్బరు కనెక్టరు. దాని పెదవికి సబ్బునీళ్లు రాస్తే మడత పడకుండా లోపలికి జారుతుంది. మడత పడిందా, పైన ఎంత బాగా చేసినా వృథా.

రసమట్టం రెండు వైపులా పెట్టాలి, అడ్డంగా ఒకసారి, ముందూ వెనక్కూ ఒకసారి. బాత్రూము నేల ఎప్పుడూ నీళ్లు పోయే జాలీ వైపు వాలుగా ఉంటుంది, ఉండాలి కూడా. కాబట్టి కమోడ్ మామూలుగా పెడితే వాలుకే కూర్చుంటుంది. పల్లం వైపు ప్లాస్టిక్ బిళ్లలు పెట్టి లేపాలి. అట్ట ముక్క, అగ్గిపుల్ల, టైలు పెంకు పెట్టకూడదు, తడిసి నలిగేది నలుగుతుంది, విరిగేది విరుగుతుంది. కమోడ్ ఒంపులో 50 మిల్లీమీటర్ల లోతున నీళ్లు నిలిచి, కింది గాలిని పైకి రాకుండా ఆపుతాయి. కమోడ్ బాగా ఒరిగితే ఆ లోతు తగ్గుతుంది, ఫ్లష్ నీళ్లు కూడా ఒక పక్కకే కొడతాయి.

బోల్టులు ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోకూడదు. ఇటు కాస్త, అటు కాస్త, కింద ప్లాస్టిక్ వాషరు ఉంచి, ఊగటం ఆగగానే చెయ్యి ఆపాలి. ఇంకో చుట్టు తిప్పుదామనే ఆశతో పింగాణీ పగలగొట్టినవాళ్లను చూశాను. చివర్లో చుట్టూ శానిటరీ సిలికాన్ గీసి, వెనక వైపు ఒక వేలెడు జాగా వదిలేస్తాం. లోపల ఎక్కడన్నా కారితే ఆ సందులోంచి బయటికి రావాలి, మనకు తెలియాలి. మొత్తం మూసేస్తే నీళ్లు కింది ఇంటి సీలింగులో కనపడతాయి.

మా పెద్దన్నయ్య కొడుకు డాలస్‌లో ఉంటాడు. అక్కడ ప్లంబర్‌ను పిలిస్తే కూలి భారం, అందుకని వాడే స్వయంగా మార్చుకుంటూ నాకు వీడియో కాల్ చేశాడు. "బాబాయ్, కింద మైనం ఉంది, ఇదేంటి?" అన్నాడు. అమెరికా పద్ధతి వేరు. నేలలో గొట్టం నోటి దగ్గర ఫ్లాంజ్ అనే చదును రింగు ఉంటుంది, దాని మీద మైనపు రింగు, ఆ పైన కమోడ్. గోడ నుంచి ఫ్లాంజ్ మధ్యకు 12 అంగుళాలు అక్కడ మామూలు కొలత. ఫ్లాంజ్ టైల్స్ మీద కూర్చోవాలి. వాడింట్లో పాత టైల్స్ మీద కొత్త టైల్స్ వేయటంతో అది లోపలికి పోయింది. ముందు ఫ్లాంజ్ ఎత్తు సరిచేయించుకోమన్నాను. మైనం ఒకసారి నొక్కుకున్నాక కమోడ్ పైకి లేపితే ఆ రింగు ఇక పనికిరాదు, కొత్తది వేయాల్సిందే. "చేతిలో రెండు రింగులు పెట్టుకుని మొదలుపెట్టరా" అన్నాను.

గన్నవరం నుంచి షార్జాకు నేరుగా విమానం 2022 అక్టోబరు చివర్లో మొదలైంది. హైదరాబాదు దాకా పోయి రాత్రంతా కూర్చునే పని తప్పింది. మొన్న సెలవుకు వచ్చేసరికి గుంటూరు గోరంట్లలో మా అక్కవాళ్ల కొత్త ఇల్లు బాత్రూముల దశలో ఉంది. బావ వైట్ సిమెంటు సంచీ తెచ్చి సిద్ధంగా పెట్టాడు.

"బావా, అది వద్దు. నేను బోల్టులు వేస్తాను."

"బోల్టులతో ఊగుద్దేమోరా. మేస్త్రి గారు ఎప్పుడూ సిమెంటే పెడతాడు."

మేస్త్రి గారు అక్కడే ఉన్నారు. నాకంటే చాలా పెద్దాయన, ఆయన పరిచిన టైల్స్ మీద రసమట్టం పెడితే వంక పెట్టడానికి లేదు. జాలీ వైపు వాలు కూడా కొలిచినట్టు ఇచ్చారు. "మేస్త్రీ గారూ, ఒకసారి మీరే చూడండి, నచ్చకపోతే మీ ఇష్టప్రకారమే చేద్దాం" అన్నాను. గీత గీశాను, బెజ్జాలు వేశాను, బిళ్లలు పెట్టాను. ఆయన మాట్లాడకుండా కమోడ్ మీద కూర్చుని రెండు పక్కలకూ ఒరిగి చూశారు. తర్వాత, "బిళ్లలు ఎక్కడ దొరుకుతయ్యి?" అని అడిగారు. నా పెట్టెలో ఉన్నవి కొన్ని ఇచ్చాను.

పరీక్ష ఆయన ముందే చేశాను. సిలికాన్ గీయకముందే అడుగు చుట్టూ పొడి టిష్యూ కాగితం దూర్చి వరసగా ఫ్లష్ కొట్టాం, కాగితం తడవలేదు. ట్యాంకులో ఉజాలా చుక్కలు వేసి ఫ్లష్ కొట్టకుండా వదిలేశాం. లోపలి వాషరు కారుతుంటే కమోడ్‌లోకి నీలం దిగుతుంది. దిగలేదు. ఆ తర్వాతే సిలికాన్. ఒక రోజంతా ఆ బాత్రూములోకి ఎవర్నీ పోనివ్వద్దని అక్కకు చెప్పాను. పిల్లల్ని కాపలా కాయటమే ఆమెకు కష్టమైంది.

నాకు బాధ కలిగించేది ఒకటే. ఈ పని బాగా చేయగలిగిన కుర్రాళ్లు మన గుంటూరులో, విజయవాడలో ఉన్నారు. కమోడ్‌ను ముందు ఉత్తగా కూర్చోబెట్టి చూసుకునే టైమే వాళ్లకు ఎవరూ ఇవ్వరు. ఒక రోజులో మూడు బాత్రూములు అవగొట్టాలంటారు. దుబాయ్‌లో నా చేతికి వచ్చిన నేర్పు కన్సల్టెంట్ తప్పున్న చోట స్టిక్కర్ అంటించి మళ్లీ చేయించటం వల్ల వచ్చింది. ఇక్కడ ఆ కన్సల్టెంట్ పని ఇంటివాళ్లే చేయాలి. కమోడ్ అంచు మీద చేతులు వేసి మూలమూలకూ బరువు వేసి చూడటానికి ఇంజనీరే కానక్కర్లేదు.

అక్కవాళ్ల పైఅంతస్తు బాత్రూము ఇంకా ఇటుక గోడల దగ్గరే ఉంది. అక్కడ గొట్టం గోడలోకి పోయే పీ ట్రాప్ పెడుతున్నారు. ఆ గొట్టం నోటి మధ్యభాగం, నేల టైల్స్ పై నుంచి కొలిస్తే 180 మిల్లీమీటర్ల ఎత్తున రావాలి. ఇప్పుడున్న ఉత్త కాంక్రీటు నుంచి కొలిస్తే తర్వాత టైల్స్, వాటి కింద వేసే సిమెంటు కలిసి ఆ ఎత్తును మింగేస్తాయి. ఏ టైలు వేస్తారో, కింద సిమెంటు ఎంత పడుతుందో మేస్త్రి గారిని అడిగి, అది కలుపుకుని గోడ మీద గీత గీయించి, టేపు ఆనించి ఫోటో తీసి పంపమని బావకు చెప్పి విమానం ఎక్కాను.