పదికి ఎనిమిది

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో ఒక ఆసుపత్రి, బాలింతల వార్డు, నర్సుగా నా నైట్ డ్యూటీ. సిజేరియనై రెండో రాత్రి. ఆవిడ నల్లజాతి అమ్మాయి, ఫార్మసిస్టు. నొప్పి పదికి ఎంత అని అడిగితే ఎనిమిది అంది. అప్పుడే వాళ్లక్క ఫోన్ చేసింది, నవ్వుతూ మాట్లాడుతోంది. నేను చార్టులో ఇలా కొట్టాను: "8 అంటోంది. ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతోంది."

ఆ రెండో వాక్యం నన్నెవరడిగారు?

తెల్లవారుజామున తల పగిలిపోతోందంది. బీపీ 162/108. కాన్పయ్యాక కూడా గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్, వస్తుంది, కొన్ని వారాల దాకా ఆ భయం ఉంటుంది. డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేస్తే, "చార్టు చూశాను, బానే ఉన్నట్టుందిగా, కాసేపాగి మళ్లీ చూడు" అన్నారు. నేను రాసింది నాకే అప్పజెప్పారు. పావుగంటకి 168/110. ఈసారి గొంతు పెంచితే గానీ, ఫిట్స్ రాకుండా ఆపే మెగ్నీషియం డ్రిప్ రాలేదు.

ఈ హడావిడిలో ఆవిడ భర్త బాత్రూంలోకెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. "రౌండ్స్‌కి డాక్టర్లొస్తారుగా, ఇలా ఉంటే కాస్త వింటారు" అన్నాడు.

చొక్కా, చదువు ఆదుకుంటాయా అంటే, అదీ లేదు. డిగ్రీ చదివిన నల్లజాతి తల్లులు, హైస్కూలు కూడా దాటని తెల్లజాతి తల్లులకన్నా కాన్పు సంబంధిత కారణాలతో ఎక్కువగా చనిపోతున్నారని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కలే చెప్పాయి. 2023లో లక్ష కాన్పులకి నల్లజాతి తల్లుల మరణాలు 50.3, తెల్లవాళ్లవి 14.5. మన ఆసియా వాళ్లవి 10.7. మనవాళ్ల పార్టీల్లో నల్లజాతి వాళ్ల గురించి "వాళ్లు ఒంటిని పట్టించుకోరమ్మా" అంటుంటారు. టెన్నిస్ ఛాంపియన్ సెరెనా విలియమ్స్ కన్నా ఒంటిని పట్టించుకునేవాళ్లెవరు? 2017లో కూతురు పుట్టాక, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలున్నాయేమో సీటీ తీయండని తనే అడిగింది. ముందు కాళ్లకి అల్ట్రాసౌండ్ తీశారు. సీటీలో గడ్డలు బయటపడ్డాయి.

డబ్బు సంగతి ఇంకోటి. ఈ దేశంలో పదింట నాలుగు కాన్పుల ఖర్చు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్‌దే. చాలాకాలం కాన్పయ్యాక తల్లికి 60 రోజులే ఆ కార్డు. మా రాష్ట్రంలో ఏడాదికి పొడిగించింది 2022లో. బాలింత గుండెజబ్బు రెండు నెలల్లో బయటపడాలని రూలేం లేదుగా.

డిశ్చార్జి రోజు వీల్‌చెయిర్ కారు దాకా నేనే తోశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఆ రాత్రి నువ్వుండబట్టి సరిపోయింది" అంది. చార్టు సంగతి నేనెత్తలేదు.