ఎందుకు అన్నది పరీక్షలో రాదట

పదకొండున్నర దాటింది. కోపంగా ఉంది. కోపమంటే పెద్ద మాట, చిరాకు అందాం.

మా చిన్నదానికి సోమవారం ఎంబ్రేయర్ 175 విమానం సిస్టమ్స్ మీద పరీక్ష. చదువుకోవడానికి వారం రోజులకని విశాఖలో మా మర్రిపాలెం ఇంటికి వచ్చి హాలంతా అట్టముక్కలు పరిచేసింది. ముందు ప్రశ్న, వెనక జవాబు. భోజనాలయ్యాక నేనడగాలి, అది చెప్పాలి. వాళ్లమ్మ అడిగితే ఒప్పుకోదు. ఆవిడ ప్రశ్నతో పాటు జవాబూ చదివేస్తుంది మరి.

ఈరోజు కరెంటు వంతు. ముప్పై నాలుగేళ్లు సబ్‌స్టేషన్లలో తిరిగినవాణ్ణి, హుషారుగానే కూర్చున్నాను. ఇంజన్ల మీద జనరేటర్లెన్ని? రెండు, ఒక్కోటీ 40 కేవీఏ. ఏపీయూ, అదే తోకలో ఉండే చిన్న అదనపు ఇంజను, దాని మీద? ఒకటి, అదీ 40. వోల్టేజి? 115. ఫ్రీక్వెన్సీ? 400 హెర్ట్జ్. నేను ఆగలేక "మన గోడలో వచ్చేది 50 కదా, మరి దానికి 400 ఎందుకు?" అన్నాను.

"నాన్నా, ఎందుకు అన్నది పరీక్షలో రాదు. తర్వాతది అడుగు."

అడిగాను. నలభైకి ముప్పై ఎనిమిది చెప్పింది. బాగానే చెప్పింది. కానీ ఆ మాట మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఎందుకో తెలుసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఫ్రీక్వెన్సీ పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్‌కి తక్కువ ఇనుము చాలు, మోటార్లూ చిన్నవవుతాయి. గాల్లోకి లేవాల్సిన వస్తువుకి అంతకంటే ఏం కావాలి? మా వీధి చివర దిమ్మె మీది ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలంటే క్రేను రావాలి, సందులో సగం స్కూటర్లు తీయించాలి. మరి ఊళ్లోనూ 400 పెట్టుకోవచ్చుగా అంటే, కుదరదు. లైను పొడుగు. ఫ్రీక్వెన్సీ ఎనిమిది రెట్లయితే తీగలో రియాక్టెన్సూ, అంటే ఏసీ కరెంటుకి తీగ పెట్టే అడ్డూ, ఎనిమిది రెట్లు. కిలోమీటర్లు దాటి వచ్చేసరికి వోల్టేజి సొమ్మసిల్లిపోతుంది. ఆ విమానం ముక్కు నుంచి తోకకి 31 మీటర్ల చిల్లర, దానికా బాధ లేదు. అయిపోయింది, రెండు నిమిషాలు! ఇది చెప్పనివ్వదు. ఏపీయూ, ఐడీజీ అంటూ పొడి అక్షరాలు మాత్రం గడగడా అప్పజెబుతుంది. ఐడీజీ అంటే ఇంజన్ వేగం మారినా ఒకే వేగంతో తిరిగే ఏర్పాటున్న జనరేటరని, అందుకే ఫ్రీక్వెన్సీ కదలదని అడిగితే గానీ చెప్పలేదు. సరే, అడిగితే చెప్పింది. అదీ రాయాలి కదా.

తర్వాతి అట్ట ర్యాట్. జనరేటర్లన్నీ పోతే ముక్కు కుడి పక్క నుంచి చిన్న ఫ్యాను బయటపడి, ఎదురుగాలికి తిరిగి 15 కేవీఏ ఇస్తుందట. అది అందుకునేదాకా బ్యాటరీలు మోస్తాయి. గాలి వల్ల కరెంటు రావడం! విశాఖలో గాలి కరెంటుకి ఏం చేస్తుందో చూసినవాడికి నవ్వొస్తుంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. మధ్యాహ్నానికి ఊళ్లోకి కరెంటు మోసే ఒక్క ఫీడరు లైనూ మిగల్లేదు. స్టేషన్ సప్లై కూడా పోయింది. యార్డులోకి ఎక్కడిదో రేకు ఎగిరొచ్చి ఫెన్సింగుకి చుట్టుకుంది, చపాతీ మడిచినట్టు. కంట్రోల్ రూములో ప్రాణం ఉన్నది ఒక్క 110 వోల్టుల బ్యాటరీ సెట్టుకే. లోపాన్ని పసిగట్టే రిలేలు పనిచేయాలన్నా, లైను తెంచే బ్రేకరు ట్రిప్ కావాలన్నా అదే దిక్కు. చార్జరు లేదు, ఉన్నదాంతోనే ఈడ్చాలి. ఎమర్జెన్సీ దీపాలు ఒక్కోటీ ఆర్పించుకుంటూ వచ్చాను, ప్యానెల్ మీదిది తప్ప. కొత్తగా చేరిన కుర్రాడు, పాపం, ఆ గాలి హోరులో చీకటికి భయపడి "ఎందుకు సార్ ఆర్పడం?" అన్నాడు.

"ఎందుకో తర్వాత చెప్తా, ముందు ఆర్పవోయ్" అని అరిచాను.

ఇది టైపు చేస్తుంటేనే గుర్తొచ్చింది ఆ అరుపు. ఒక నిమిషం ఆగాల్సొచ్చింది. తర్వాత చెప్పానా వాడికి? చెప్పలేదు. మూడో రోజు రాత్రి ఇంటికొస్తే మెట్ల మీదే అపార్ట్‌మెంట్ మొత్తం "కరెంటెప్పుడు?" అని చుట్టుముట్టింది. బిందెలు మోసి మోసి చేతులు కాయలు కాచిన మా చిన్నది, అప్పటికి తొమ్మిదో తరగతి, ఒక్కతే ఏమీ అడగలేదు. మంచినీళ్లిచ్చింది.

ఆ రోజు నా చేతులకి వరస కంఠతా వచ్చు కాబట్టి పని జరిగింది. రియాక్టెన్సు గురించి ఆలోచిస్తూ కూర్చుంటే బ్యాటరీ పడుకునేది. విమానంలో మా చిన్నదానికీ అంతేనేమో. ఏది పోయింది, ఏది మిగిలింది, ఇప్పుడేం చేయాలి. అయినా నేను అడిగింది గాలివానలో కాదు కదా, ఫ్యాను కింద, పెరుగన్నం తిన్నాక!

"దాని ఏడో ఎక్కం నుంచీ మీరింతే" అంటుంది ఆవిడ.

లోపల గొణుగుడు ఇంకా వినిపిస్తోంది. ర్యాట్‌కి కనీస వేగం 130 నాట్లు. అది నాకూ వచ్చేసింది.

రేపు హైడ్రాలిక్స్. మూడు సిస్టమ్‌లు, నూనె ఒత్తిడి 3000 పీఎస్‌ఐ. ఎందుకు మూడు అని అడగను. అడిగితే ఒక్కసారే.