కిలో లోపు మియాటా: 1:10 సన్‌బోర్డ్ మోడల్, ఇప్పటిదాకా ఎక్కడికొచ్చిందంటే

పోయినసారి మోడల్ కారుకి ఫ్లోర్ కోసి వదిలేశా కదా, ఇప్పుడు బాడీ నిలబడింది, చక్రాలెక్కాయి, కాటా మీద పెట్టి చూడటం కూడా అయింది. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క ముక్క: మాజ్డా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, అదే అమెరికాలో మియాటా అంటారే, దాని తర్వాతి జనరేషన్‌ని ఫ్యాన్స్ అప్పుడే ఎన్ఈ అని పిలిచేస్తున్నారు, అది ఏ సైజులో ఎంత బరువుతో రావొచ్చో నా అంచనా వేసుకుని దానికి మోడల్ కడుతున్నా. మన దగ్గర మాజ్డా షోరూమే లేదు, బండి కొనే యోగం ఎలాగూ లేదు, కనీసం సన్‌బోర్డ్ (బోర్డులకి వాడే తేలికైన ప్లాస్టిక్ ఫోమ్ షీటు) ముక్కలతోనైనా చేసుకుందామని.

1:10 ఎందుకు తీసుకున్నావని అడిగారు. బరువు లెక్క కోసమే. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదో వంతైతే ఘనపరిమాణం వెయ్యో వంతవుతుంది, అంటే అసలు కారులో ఒక కేజీ నా మోడల్‌లో ఒక గ్రాము, 990 కేజీల కారైతే 990 గ్రాములు, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఇక కొలతలు. మాజ్డా ఇంజినీర్లు చెప్తున్న టార్గెట్ 4 మీటర్ల లోపు పొడవు, 1000 కేజీల లోపు బరువు, ఇంజిన్ మాత్రం కొత్త 2.5 లీటర్ స్కైయాక్టివ్-జెడ్. ఇప్పుడున్న జనరేషన్ ఎన్‌డీ 2015లో జపాన్‌లో 1.5 ఇంజిన్‌తో వచ్చినప్పుడు బేస్ వేరియంట్ 990 కేజీలు, 3915 ఎంఎం పొడవు, 1735 వెడల్పు, 2310 వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం). 1989లో వచ్చిన మొట్టమొదటిది, ఎన్ఏ, 3970 పొడవు, 1675 వెడల్పు, 2265 వీల్‌బేస్, 940 కేజీలు. చూశారా, పాతికేళ్ళలో పొడవు 55 ఎంఎం తగ్గింది, వెడల్పేమో 60 పెరిగింది. అందరూ పొడవు పెరుగుతుందేమో పెరుగుతుందేమో అని కంగారు పడుతున్నారు గానీ ఈ కారు మొత్తమ్మీద చూస్తే పక్కలకే పెరిగింది. జపాన్‌లో చిన్న కార్ల క్లాసుకి వెడల్పు లిమిట్ 1700, దాన్ని ఎన్‌డీకి ముందు జనరేషన్, 2005 ఎన్‌సీనే 1720తో దాటేసింది, ఇంక ఆ గోడ పడిపోయినట్టే. అన్నట్టు 1735 అంటే మన స్విఫ్ట్ వెడల్పు, మిల్లీమీటర్ తేడా లేదు, పార్కింగ్‌లో స్విఫ్ట్ పక్కన నిలబడి ఎత్తు ఛాతీ దాకా తగ్గించి ఊహించుకోండి, సైజు కళ్ళకి కట్టేస్తుంది. 4 మీటర్ల లోపు అనగానే మనవాళ్ళకి జీఎస్టీ గుర్తొస్తుంది, ఆశ పడకండి, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ దాటితే పొడవు ఎంతున్నా చిన్న కారు రేటు రాదు.

నా అంచనా 3930 పొడవు, 1745 వెడల్పు, 1235 ఎత్తు, 2320 వీల్‌బేస్. మోడల్‌లో 393, 174.5, 123.5, 232 ఎంఎం. 2023 టోక్యో షోలో మాజ్డా పెట్టిన ఐకానిక్ ఎస్పీ కాన్సెప్ట్ కారు చూసి కొత్త మియాటా అదే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, దాని సైడ్ షేపు కూడా ఒకటి కోసి పక్కన పెట్టా. అది 4180 పొడవు, 1850 వెడల్పు, 2590 వీల్‌బేస్, 1450 కేజీలు. వీల్‌బేస్ టయోటా స్పోర్ట్స్ కారు జీఆర్86 కంటే ఎక్కువ! రెండూ పక్కపక్కన పెడితే ఇక వాదన అక్కర్లేదు, అది వేరే బండి.

కట్టే సంగతి. ఫ్లోర్‌కి 5 ఎంఎం సన్‌బోర్డ్, మిగతాదంతా 3 ఎంఎం. బానెట్ వంపు కోసం హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి గాజు సీసా మీద వంచి చల్లారేదాకా పట్టుకుంటే చాలు, అలాగే ఉండిపోతుంది. సన్‌బోర్డ్‌కి ఫెవిక్విక్ బ్రహ్మాండంగా అంటుతుంది, థర్మకోల్‌కి మాత్రం వాడొద్దు, కరిగిపోతుంది. ఖాళీ బాడీ చక్రాలతో కలిపి 362 గ్రాములు వచ్చింది, మిగిలిన 628 గ్రాములు సీసం గుళ్ళు, నట్లు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో నట్లు కేజీల్లెక్కన ఇస్తారు, చిన్నవి తీసుకోండి, గ్రాముల్లో సర్దుకోవచ్చు. 45 లీటర్ల పెట్రోల్ దాదాపు 33 కేజీలు, అంటే 33 గ్రాములు వెనక చక్రాలకి కాస్త ముందు. ఇంజిన్ ముద్ద ముందు ఇరుసుకి 30 ఎంఎం వెనక్కి.

తూకానికి రెండు కాటాలు కావాలి, ముందు చక్రాలు ఒకదాని మీద, వెనకవి ఇంకోదాని మీద. ఒకటి వంటింట్లోది ("మళ్ళీ తీశావా, కడిగి పెట్టు" అని అమ్మ), ఇంకోటి కొన్నా. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, చక్రాల కింద పెన్ను రీఫిల్ ముక్కలు అడ్డంగా పెడితే రాపిడికి రీడింగ్ ఇరుక్కోదు.

మొదట 1.5 ఇంజిన్ సెటప్: ముందు 505, వెనక 485. ఇద్దరు మనుషులకి 150 గ్రాములు సీట్లలో పెట్టా, సీట్లు వెనక్కి ఉంటాయి కదా, ముందు 565, వెనక 575 అయింది. ఇద్దరెక్కాక బ్యాలెన్స్ దాదాపు సగంసగానికి వచ్చేసింది, భలే ముచ్చటేసింది. తర్వాత మనుషుల బరువు తీసేసి 2.5 ఇంజిన్ కోసం 25 గ్రాములు ఎక్కువ వేశా (25 కేజీలన్నది నా అంచనా): ముందు 527, వెనక 488, మొత్తం 1015. అంటే కిలో దాటేసింది, ముక్కు కూడా బరువెక్కింది. పాత ఎన్ఏలో బ్యాటరీ డిక్కీలో ఉండేది, అదే పని చేసి 12 గ్రాముల ముక్క ముందు నుంచి వెనక్కి మార్చా, 513, 502కి వచ్చింది. బ్యాలెన్స్ చక్కబడింది గానీ మొత్తం బరువు తగ్గదు కదా, ఆ 15 గ్రాములు ఇంకెక్కడో కోయాల్సిందే.

ఎక్కడ కోస్తారన్నదే అసలు ప్రశ్న. ఎన్‌డీ వచ్చేసరికే బానెట్, డిక్కీ డోర్, ముందు ఫెండర్లు అల్యూమినియం చేసేశారు, వీల్ నట్లు ఐదు నుంచి నాలుగుకి దించారు, తేలిగ్గా తీయగలిగేవన్నీ ఎప్పుడో తీసేశారు. పైగా 2024 అప్‌డేట్‌తో జపాన్ బేస్ వేరియంటే 1010కి చేరింది. ఇంకో తిరకాసు, జపాన్ లెక్కలో డ్రైవర్ ఉండడు, యూరప్ లెక్కలో 75 కేజీల డ్రైవర్‌ని కలుపుతారు. కాబట్టి 1000 లోపు అని ఎవరైనా అంటే ఏ లెక్కలో అని అడగండి ముందు. నా పందెం: జపాన్ లెక్కలో 1020 నుంచి 1040 మధ్య. మూడంకెల్లో వస్తే మాత్రం చిన్న ఇంజిన్‌తో ఒక బేస్ వేరియంట్ పెట్టి ఆ నంబర్ బ్రోచర్లో వేసుకుంటారు.

నెక్స్ట్ మడిచే హార్డ్ టాప్ వేసి చూడాలి, ఎన్‌డీలో అలాంటి టాప్‌తో వచ్చిన ఆర్ఎఫ్ వేరియంట్ దాదాపు 50 కేజీలు ఎక్కువ, ఆ 50 గ్రాములు దాదాపు అన్నీ పైన, వెనకే పడతాయి. ఇంకో పావుకిలో సీసం తేవాలి, రూఫ్‌కి 2 ఎంఎం షీట్ కూడా, ఎక్కడైనా దొరికితే చెప్పండి.